కడప బండల మీద హీల్స్: మగవాళ్లకు ఒక చిట్కా

హీల్స్ వేసుకుని బయట తిరగడం ఇష్టపడే అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. మన కడపలో జనం చూపుల కంటే ముందు చూసుకోవాల్సింది కింద నేలను. చాలా ఇళ్లలో, అంగళ్లలో పరిచేది పాలిష్ పట్టిన నల్లబండలే. తడి తగిలితే చాలు, జారుతాయి. పైగా బండకూ బండకూ మధ్య సందులో సన్నని హీల్ ఇరుక్కుంటే చీలమండ బెణుకుతుంది.

అందుకే మొదట రెండంగుళాల ఎత్తున్న, దిమ్మలా వెడల్పుగా ఉండే హీల్ (బ్లాక్ హీల్) తీసుకోండి. కొన్న వెంటనే చెప్పులు కుట్టే ఆయన దగ్గర అడుగున పలుచని రబ్బరు వేయించండి. ఈ ఒక్క పనితో సగం భయం పోతుంది, చప్పుడూ తగ్గుతుంది.

ఆడవాళ్ల చెప్పుల్లో మన సైజు దొరకడం కష్టం. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి ఆ వేళలోనే పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలుచుకుని ఆన్‌లైన్‌లో చూడండి. బరువు ముందుకు పడుతుంది గనుక వేళ్ల దగ్గర బిగుతుగా ఉన్న జత వద్దు. పట్టీ ఉన్నది మేలు.

అడుగులు చిన్నగా వేయండి. ఏడురోడ్ల కూడలి రద్దీలోకి వెళ్లే ముందు ఇంట్లో బాగా నడిచి అలవాటు చేసుకోండి. ఎవరైనా అడిగితే "నాకిష్టం" అనండి, చాలు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఎర్ర హీల్స్‌తోనే దర్బారుకు వచ్చేవాడు.

సంచిలో ఒక జత మామూలు చెప్పులు పెట్టుకోండి. ఇంటికొచ్చాక పిక్కలు సాగదీయండి.