ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలకు

డీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో నాకు రెండో తరగతి ఇచ్చారు. పిల్లలు పాఠం గడగడా అప్పజెప్పేవారు. అదే పాఠంలో మధ్యలోంచి ఒక మాట చూపించి చదవమంటే మాత్రం నోరు మెదపరు. గుణింతాలు వచ్చినవాళ్లు కూడా ఒత్తు కనిపిస్తే టెన్షన్ పడేవారు.

గ, డ, ద ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే. త, న, మ, ల ఒత్తుల రూపమే వేరు. అన్నీ కలిపి నేర్పితే పసివాళ్లకు భారం. అందుకే ముందు మొదటి రకమే తీసుకుని జంటలుగా రాశాను: గడి–గడ్డి, గద–గద్ద. గట్టిగా పలికిస్తూ, ఒత్తు మీద వేలు పెట్టించాను. అవి కుదిరాకే అమ్మ, అన్న, అత్త, పిల్ల.

ఓ పాప మధ్యాహ్న భోజనం బోర్డు మీద ‘గుడ్డు’ తనంతట తానే కూడబలుక్కుని చదివింది. ఎంత సంతోషమేసిందో! ఎడమవైపుకు చుట్టుకునే ర ఒత్తు మాత్రం ఇంకా కొందరికి కష్టంగానే ఉంది. ఇప్పుడు చక్రం, వజ్రం రాయిస్తున్నాను.