టిబిలిసి నుంచి ఒక్కరోజులో వైనరీ, సిగ్నాగి ఊరు: సొంతంగా ట్రిప్ ఎలా వేసుకోవాలి?

మొదటిసారి జార్జియాలోని కాఖేతి ప్రాంతానికి వెళ్లినప్పుడు మేం ఒక్కరోజులో నాలుగు వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, పెట్టుకున్నాం. కారు మాట్లాడుకున్నదే, డ్రైవర్ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు, ఇంకేం, ఎన్ని చూస్తే అంత గిట్టుబాటు అనుకున్నాం. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి గ్లాసులో ఏం పోశారో ఎవరికీ పట్టలేదు, నాలుగోదాని దగ్గర ఇద్దరు అసలు కారే దిగలేదు, సిగ్నాగి చేరేసరికి నేను వెనక సీట్లో మంచి నిద్రలో ఉన్నాను. లేచి చూస్తే చీకటి, కోటగోడ మీద లైట్లు. ఊరు చూడటం అయిపోయిందట.

తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను: వైనరీ ఒకటి చాలు, మహా అయితే రెండు, మిగిలిన టైమంతా ఊరికివ్వండి. సొంతంగా కారు పెట్టుకునేదే గడియారం మన చేతిలో ఉండాలని. దాన్ని మళ్లీ టూర్ బస్సులా కుక్కేస్తే డబ్బులు దండగ.

ఇది మన పిల్లలు ఎంబీబీఎస్‌కి వెళ్తున్న జార్జియా దేశం గురించి, అమెరికాలో ఉన్న జార్జియా కాదు. గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్లు కూడా నాలుగు రోజులు సెలవు దొరికితే ఈ మధ్య అటే వెళ్తున్నారు. రాజధాని టిబిలిసి నుంచి తూర్పుగా ఉన్న కాఖేతి ప్రాంతమే ఆ దేశపు ద్రాక్షతోటల అడ్డా. సిగ్నాగి దాదాపు 110 కిలోమీటర్లు, కారులో ఇంచుమించు రెండు గంటలు.

ముందు ఏ వైపో తేల్చుకోండి

కాఖేతి అంటే ఒక ఊరు కాదు. సిగ్నాగి వైపు ఒక రోజు, తెలావి వైపు ఇంకో రోజు అని మనసులో గీత గీసుకోండి. తెలావి దగ్గర త్సినందాలి ఎస్టేట్ ఉంది, జార్జియాలో యూరప్ పద్ధతిలో వైన్ చేసి సీసాల్లో నింపడం మొదలైంది కవి అలెగ్జాండర్ చావ్‌చవాద్జే గారి ఆ తోటలోనే. క్వారెలిలో కొండ తొలిచిన సొరంగాల్లో వైన్ దాచే ఖారేబా వైనరీ ఉంది, ఆ సొరంగాలన్నీ కలిపితే ఏడు కిలోమీటర్లు దాటుతాయి. రెండూ చూడాల్సినవే. కానీ సిగ్నాగితో కలిపి ఒకే రోజులో పెట్టారంటే రోజంతా కారు కిటికీలోంచే కాఖేతిని చూస్తారు. డ్రైవర్లు మాత్రం "అన్నీ చూపిస్తా" అంటారు. వద్దనండి.

కారు మాట్లాడుకోవడం

మార్ష్రుట్కా అనే షేర్ వ్యాన్లు టిబిలిసిలో సమ్గోరి మెట్రో దగ్గర్నుంచి సిగ్నాగికి వెళ్తాయి, చవకే, కానీ పల్లెలో ఉన్న వైనరీ గుమ్మం దాకా అది తీసుకెళ్లదు కదా. మనమే కారు నడుపుదాం అనే ఆలోచన అసలు వద్దు. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయన్నది పక్కన పెట్టినా, ఇద్దరు తాగి ఒకరు నోరు కట్టుకుని చూస్తూ కూర్చోవడం ఏం సరదా? డ్రైవర్‌తో సహా కారు తీసుకోండి, నలుగురు పంచుకుంటే భారం అనిపించదు.

మాట్లాడుకునేటప్పుడు నోటిమాట మీద ఉండకుండా వాట్సాప్‌లో మెసేజ్‌గా రాసి పెట్టండి: పొద్దున ఎన్నింటికి, ఎక్కడ ఎక్కాలి, ఏయే చోట్ల ఆగాలి, సిగ్నాగిలో మూడు గంటలు ఆగాలి, తిరిగి ఎన్నింటికి రావాలి, పెట్రోలు అందులోనే కలిసిందా. ఈ మూడు గంటల సంగతి ముందే చెప్పకపోతే మధ్యాహ్నం అయ్యేసరికి డ్రైవర్ వాచీ చూసుకోవడం మొదలుపెడతాడు, మనకి టెన్షన్. ఇంకో సంగతి, వైనరీ పేరు మీరే చెప్పండి. ఎక్కడికైనా పర్లేదు అన్నారంటే తనకి కమీషన్ వచ్చే చోటికే తీసుకెళ్తాడు, అది ప్రపంచమంతా ఉన్నదే, మన దగ్గర ఆటోవాళ్లు చీరల షాపుకి తీసుకెళ్లినట్టు.

ఏ వైనరీ?

పెద్ద ఫ్యాక్టరీలాంటివీ ఉన్నాయి, ఇంటి వెనక ఒక గది పెట్టుకుని చేసేవాళ్లూ ఉన్నారు. ఆ గదిని మరాని అంటారు. నా ఓటు మరానికే. పెద్దవాటిలో గైడు చెప్పిన పాఠమే చెప్తాడు, మరానిలో ఇంటాయన భూమిలో పాతిన మట్టి బాన మూత తీసి గరిటెతో తోడి పోస్తాడు. సిగ్నాగి ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇలాంటివి బోలెడు. ఒకటి రెండు రోజుల ముందే మెసేజ్ పెట్టి, క్వేవ్రీ (ఆ మట్టి బాన పేరు) ఉందా, ఎన్ని రకాలు రుచి చూపిస్తారు, భోజనం ఉంటుందా, మనిషికి ఎన్ని లారీలు (అక్కడి డబ్బు పేరు అదే, మన లారీ కాదు) అని అడగండి. మనలో మాంసం తినని వాళ్లు ఉంటే అదీ అప్పుడే చెప్పేయండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే ద్రాక్ష కోతల సందడి ఉంటుంది, దాన్ని ర్త్వెలి అంటారు, కొన్ని ఇళ్లలో మన చేత కూడా గుత్తులు కోయిస్తారు, తొక్కిస్తారు. మే, జూన్ కూడా హాయిగా ఉంటుంది. చలికాలంలో పొద్దు తొందరగా గూకుతుంది, మంచు పట్టిందంటే ఎదుటి కొండలే కనపడవు.

పొద్దున

తొమ్మిదికల్లా బయల్దేరండి, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. దారిలో బాడియౌరి అనే ఊళ్లో రోడ్డు పక్కనే రొట్టెలు కాలుస్తుంటారు, మన తందూరీ పొయ్యి లాంటి గుండ్రటి మట్టిపొయ్యి లోపలి గోడకి పిండి అతికించి తీస్తారు, పడవలా కొసలు తేలి ఉంటుంది, పేరు షోతి. వేడివేడిది ఒకటి చీజ్‌తో కొనుక్కుని కారులోనే తినేయండి. మధ్యాహ్నం దాకా కాపాడుతుంది.

వైనరీ కంటే ముందు బోద్బె మఠానికి వెళ్లండి, సిగ్నాగికి రెండు కిలోమీటర్లే. 4వ శతాబ్దంలో జార్జియాకి క్రైస్తవం తెచ్చిన సెయింట్ నినో సమాధి అక్కడుంది, ఇప్పటికీ సన్యాసినులు ఉంటున్న చోటు. తాగి గుడికి వెళ్లం కదా, ఇక్కడా అంతే, అందుకే ఈ వరస. ఆడవాళ్లు తలమీద చున్నీ వేసుకోవాలి, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి, మగవాళ్లు షార్ట్స్ వేసుకుని రావద్దు. చున్నీ మన బ్యాగులో ఎలాగూ ఉంటుంది. కింద ఒక ఊట ఉంది, దానికి మెట్లు చాలా దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న అత్తమామలు వెంట ఉంటే తోటలోంచి లోయ చూసి వచ్చేయండి.

రుచి చూసేటప్పుడు

పదకొండున్నరకి వైనరీలో ఉంటే బాగుంటుంది. ముందు క్వేవ్రీ చూపించమనండి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద మట్టి బాన అది, మూతి దాకా భూమిలో పాతేసి ఉంటుంది, లోపల తేనెమైనం పూత. ద్రాక్షరసాన్ని తొక్కలు, గింజలు, కాడలతో సహా అందులో పోసి, మూత పెట్టి, ఐదారు నెలలు వదిలేస్తారు. మన ఆవకాయ జాడీ తంతు గుర్తొస్తుంది, తేడా ఏమిటంటే ఇక్కడ జాడీలో మనిషి దిగి కడుగుతాడు. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. జార్జియాలో తవ్వకాల్లో దొరికిన ఎనిమిది వేల ఏళ్లనాటి కుండ పెంకుల్లో వైన్ ఆనవాళ్లు బయటపడ్డాయి, ఈ ముక్క ఇంటాయన మీకు ఎలాగూ మూడుసార్లు చెప్తాడు.

అలా తొక్కలతో నానిన తెల్లద్రాక్ష వైన్ తెల్లగా ఉండదు, తేనెరంగులో, కాస్త చిక్కని టీ డికాషన్‌లా ఉంటుంది. ర్కాత్సితెలి అనే ద్రాక్షతో చేసింది అడగండి. మొదటి గుక్కకి మొహం ముడుచుకుంటుంది, ఎందుకంటే వగరు. పచ్చి జామకాయ, నేరేడుపండు తింటే నాలుక మీద నిలిచే వగరే ఇది. వగరుకి మన దగ్గర మంచి మాట ఉంది, వైన్ పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలు చదివి భయపడక్కర్లేదు, వగరు, పులుపు, తీపి, వాసన, ఈ నాలుగూ పట్టించుకుంటే చాలు. ఎర్రదానికి సాపెరావి. మామూలు నల్లద్రాక్ష లోపల గుజ్జు తెల్లగానే ఉంటుంది, దీనికి గుజ్జు కూడా ఎరుపే, గ్లాసు వంచితే సిరాలా కనిపిస్తుంది. ఎప్పుడూ తాగనివాళ్లకి కింద్జ్‌మరౌలి ఇప్పించండి, అదీ సాపెరావితో చేసిందే, కానీ కాస్త తియ్యగా ఉంటుంది.

పోసినదంతా తాగక్కర్లేదు. ఒక గుక్క తాగి మిగిలింది పారబోసే గిన్నె అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యమధ్య నీళ్లు, రొట్టె. గ్లాసు ఎత్తినప్పుడల్లా "గౌమార్జోస్" అంటారు, మీరూ అనండి, గెలుపు అనే అర్థంలోంచి వచ్చిన మాట. విందుకి ఒక పెద్దమనిషి ఉంటాడు, తమాదా అంటారు, ఆయన దేశం గురించి, చనిపోయినవాళ్ల గురించి, అమ్మల గురించి ఒక్కో గ్లాసుకి ఒక్కో మాట చెప్పి తాగిస్తాడు. వినడానికి చాలా బాగుంటుంది, గ్లాసు మాత్రం చిన్నది తీసుకోండి. చివర్లో చాచా పోస్తారు. హైదరాబాద్‌లో చాచా అంటే బాబాయి, ఇక్కడ చాచా అంటే ద్రాక్షపిప్పితో కాచిన సారా, బాబాయి కంటే గట్టివాడు. పెదవి తడిపి పెట్టేయండి.

భోజనం అక్కడే కానిచ్చేయండి. ఖాచపూరి అంటే లోపల చీజ్ పెట్టి కాల్చిన రొట్టె. లోబియో అంటే చిక్కుడుగింజల కూర, మట్టికుండలో వస్తుంది. వంకాయ ముక్కల్ని వేయించి, అక్రోటు, వెల్లుల్లి ముద్ద పెట్టి చుట్టే బద్రిజాని మాత్రం వదలకండి, గుత్తివంకాయ ఇంట్లో పుట్టినవాళ్లకి కొత్తేమీ అనిపించదు. శాకాహారులకి పనికొచ్చే మాట ఒకటుంది, "సమర్ఖ్వో". చర్చి ఉపవాసాల్లో తినే తిండి అని, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. "వెజిటేరియన్" అంటే అర్థం కాని పల్లెల్లో కూడా ఇది అర్థమవుతుంది.

సిగ్నాగిలో మూడు గంటలు

రెండున్నరకల్లా ఊళ్లో ఉండండి, అయిదున్నరకి ఎక్కడ కలవాలో డ్రైవర్‌తో చెప్పి అతన్ని పంపేయండి. ఇక ఆ మూడు గంటలకి ప్లాన్ వద్దు, కానీ వరస కాస్త తెలిస్తే మంచిది.

ముందు మ్యూజియం, ఎందుకంటే అది మూసేస్తారు, కోటగోడని ఎవరూ మూయరు. సోమవారం సెలవు, ట్రిప్ రోజు ఎంచుకునేటప్పుడే చూసుకోండి. నికో పిరోస్మాని బొమ్మల గది ఒక్కటి చూసినా చాలు. దగ్గర్లోని మిర్జానీ ఊరివాడు, దుకాణాలకి బోర్డులు, సారాకొట్లకి బొమ్మలు వేసి పొట్టపోసుకున్నాడు, 1918లో పేదరికంలోనే పోయాడు, ఇప్పుడు ఆ దేశానికి ఆయన్ని మించిన చిత్రకారుడు లేడు. ఆ విందు బొమ్మల్లో మీసాలాయనలు వైన్ తాగే కొమ్ములు పట్టుకుని మనవైపే చూస్తుంటారు. గంట కింద మీకు వైన్ పోసినాయన మొహం అందులో కనిపించకపోతే అడగండి. వైనరీ తర్వాత మ్యూజియం పెట్టింది అందుకే.

తర్వాత గోడ. 18వ శతాబ్దంలో రాజు రెండో ఎరెక్లె, కొండలవతల నుంచి వచ్చి పడే దోపిడీమూకల నుంచి చుట్టుపక్కల పల్లెల్ని కాపాడటానికి కట్టించాడు. నాలుగు కిలోమీటర్లకి పైనే పొడవు, 23 బురుజులు. ఆపద వస్తే జనం పశువులతో సహా లోపలికి వచ్చి తలదాచుకునేవాళ్లు, ఊరి పేరుకి కూడా ఆశ్రయం అనే అర్థం చెప్తారు. మొత్తం నడవక్కర్లేదు, ఎక్కడానికి వీలున్న ముక్క ఒకటుంది, బురుజు ఎక్కి నిలబడితే కింద అలాజాని లోయ గళ్లగళ్లుగా తోటలు, అవతల మంచు కప్పుకున్న కాకసస్ కొండలు. మెట్లు ఇరుకు, వైన్ దిగేదాకా ఆగి ఎక్కండి. దారులన్నీ రాళ్లు పరిచినవి, హీల్స్ వేసుకొచ్చినవాళ్లు పది నిమిషాల్లో తమను తామే తిట్టుకుంటారు.

ఇక్కణ్నుంచి మీ ఇష్టం. ఇరవైనాలుగు గంటలూ పెళ్లిళ్లు రిజిస్టర్ చేసే ఆఫీసు ఉంది, అందుకే ప్రేమ నగరం అని పేరు. యుద్ధంలో చనిపోయిన ఈ ప్రాంతపు వాళ్ల పేర్లు చెక్కిన పొడవాటి గోడ ఉంది. గాడిదెక్కిన డాక్టర్ విగ్రహం ఉంది, మెడిసిన్ చదివే మనవాళ్లందరి ఫోన్లలో ఆ ఫొటో ఉండే ఉంటుంది. వీధుల్లో కొవ్వొత్తుల్లా వేలాడేవి చుర్చ్‌ఖేలా, అక్రోటు పప్పులు దారానికి గుచ్చి, పిండి కలిపి కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. సాసేజ్ అనుకుని శాకాహారులు దూరం జరుగుతారు, జరగక్కర్లేదు. కొరికేటప్పుడు దారం చూసుకోండి. చివరి అరగంట ఏ ఇంటి అరుగులాంటి కాఫీ షాపులోనో కూర్చుని కొండలు రంగు మారడం చూడండి, నేను నిద్రపోయి పోగొట్టుకున్నది అదే.

సీసాలు ఇంటికి తేవాలంటే

ఇండియాకి వచ్చే ఒక్కో మనిషికి రెండు లీటర్ల దాకా మద్యం డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి. కువైట్, సౌదీలలో ఉండేవాళ్లు అసలు కొనకండి, అక్కడ మద్యం తీసుకెళ్లడం నేరం. మరానిలో ప్లాస్టిక్ బాటిల్లో పోసిచ్చే వైన్ చవకగా ఉందని ఆశపడకండి, టిబిలిసి హోటల్లో ఆ రాత్రికి బాగానే ఉంటుంది, విమానానికి పనికిరాదు. సీల్ ఉన్న సీసాలు కొని, ఒక్కోదాన్ని జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి చుట్టి, సూట్‌కేసు మధ్యలో పెట్టండి. తెల్ల చొక్కాలు మాత్రం వేరే బ్యాగులో.