టన్నున్నర బండి అన్నారని టన్నున్నర ఎక్కించెయ్యకండి

పికప్ వ్యాన్ కొనడానికి వెళ్తే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎంత లోడు లాగుద్దండి?" అని. వాళ్లు ఒక అంకె చెప్తారు, ఇంటికొచ్చేలోపే మనం బస్తాలు లెక్కేసుకుంటాం. ఆ అంకె అబద్ధమేం కాదు గానీ, మీరు రోజూ తిప్పే బండికి అది సరిపోదు.

ముందు ఆర్సీ తియ్యండి. అన్‌లేడెన్ వెయిట్ అంటే ఖాళీ బండి బరువు. గ్రాస్ వెహికల్ వెయిట్, కొన్నిట్లో లేడెన్ వెయిట్ అని ఉంటుంది, అది బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి దాటకూడని బరువు. రెండిటి తేడాయే పేలోడ్. చాలామంది పట్టించుకోనిది ఏంటంటే, చట్టం ప్రకారం ఖాళీ బండి బరువులో డ్రైవరు, క్లీనరు ఉండరు, అంటే వాళ్ల బరువు సరుకు వాటాలోంచే పోతుంది. రిజిస్ట్రేషన్ తర్వాత వేయించిన ఇనప రేకులు, కమ్మీలు, పట్టాలు, తాళ్లు కూడా అంతే.

అందుకే ట్యాంకు నింపి, ఖాళీ బండిని ఒక్కసారి కాటా ఎక్కించండి. రైసు మిల్లుల వైపు వెళ్తే కాటాకి కరువు లేదు. ఉదాహరణకి ఆర్సీలో గ్రాస్ 2900 కిలోలు, ఖాళీ 1600 అనుకుందాం. పేలోడ్ 1300, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 17. కాటా మీద ఖాళీ బండి 1720 తూగింది, మనుషులిద్దరూ 130. మిగిలింది 1050, అంటే 14 బస్తాలే. మూడు బస్తాలు ఎటుపోయాయో చూశారుగా.

సార్వా కోతలప్పుడు వానకి తడిసిన ధాన్యమైతే బస్తా అంతే కనిపిస్తుంది, తూకం మాత్రం పెరుగుతుంది. రొయ్యలకి ఐసు, ట్రేలు కూడా కలపాలి. బతికిన చేపలు తోలేవాళ్లకైతే వెయ్యి లీటర్ల నీళ్లంటేనే టన్ను, ట్యాంకు సగమే నింపితే నీళ్లు ఊగి మలుపులో బండినే లాగేస్తాయి.

మొత్తం బరువు సరిపోయినా ఇరుసుల లెక్క వేరే ఉంది. దించేటప్పుడు తేలికని జట్టువాళ్లు బస్తాలన్నీ తలుపు దగ్గరే పేరుస్తారు. బరువు వెనక ఇరుసు దాటి పడితే ముందు చక్రాలు తేలికవుతాయి, కాలువ గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ మాట వినదు. బరువైనవి క్యాబిన్ వైపు నుంచి మొదలుపెట్టి పేర్పించండి, వాళ్లు గొణిగినా సరే.

ఇక కమాన్ కట్టలో, అంటే చక్రాల దగ్గర బరువు మోసే స్ప్రింగు పట్టీల్లో, ఇంకో పట్టీ వేయించి "ఇప్పుడు రెండు టన్నులు లాగుద్ది" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. పట్టీ వేస్తే బండి కుంగదు, అంతే. బ్రేకులు, ఇరుసు, ఛాసిస్, టైర్లు పాతవే, ఆర్సీలో అంకే మారదు. కుంగకపోవడం వల్ల లోడు ఎక్కువైన సంగతి మీకే తెలియకుండా పోతుంది, నన్నడిగితే అదే దానిలోని ప్రమాదం.

టైరు పక్కన సైజు తర్వాత 106 లాంటి అంకె ఉంటుంది. 106 అంటే ఒక్కో టైరు 950 కిలోలు మోస్తుంది, 100 అయితే 800, అదీ చెప్పినంత గాలి ఉంటేనే. టైర్లు మార్చేటప్పుడు ధర చూసి తక్కువ అంకెవి తగిలించకండి.

ఎక్కువ లోడుతో పట్టుబడితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకి 2,000, ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ మీదే.