లాస్ వేగాస్‌లో చివరి రోజు: చూడాల్సినవి చూసి, రాత్రి విమానం అందుకోవడం ఎలా?

రాత్రి పది దాటాక విమానం. గది ఖాళీ చేయాల్సింది మాత్రం ఉదయం పదకొండుకే. లాస్ వేగాస్ వెళ్లిన దంపతుల్లో చాలామందికి చివరి రోజు ఇలాగే వస్తుంది. చేతినిండా సమయం ఉన్నట్టే అనిపిస్తుంది కానీ, అందులో పెద్ద భాగం నడకకే పోతుంది. అందుకే ఈ రోజును దిక్కును బట్టి వేసుకోవాలి. దక్షిణం నుంచి మొదలుపెట్టి ఉత్తరానికి సాగండి. సామాను తీసుకోవడానికి తప్ప వీలైనంతవరకు వెనక్కి తిరగకండి.

1. ముందు రోజు రాత్రే జాబితా కుదించండి

ఇద్దరూ విడివిడిగా రెండేసి పేర్లు కాగితం మీద రాయండి. ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి. లేకపోతే "మీ ఇష్టం", "కాదు, నీ ఇష్టం" అనుకుంటూ చివరికి ఇద్దరికీ అక్కరలేని చోటికి చేరతారు. జాబితాలో హూవర్ డ్యామ్ ఉంటే నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. అది సుమారు 50 కిలోమీటర్ల దూరం. వెళ్లి, చూసి వచ్చేసరికి సగం రోజు గడిచిపోతుంది. గ్రాండ్ కాన్యన్ సంగతి ఇక చెప్పనే అక్కరలేదు.

2. గది పొద్దున్నే ఖాళీ చేయండి

పదకొండు దాకా ఆగితే అందరూ అప్పుడే దిగుతారు, లిఫ్టుల దగ్గరే ఆలస్యమవుతుంది. బిల్లులో రిసార్ట్ ఫీజు, అంటే హోటల్ సౌకర్యాల పేరిట వేసే రుసుము, గది అద్దెకు అదనంగా ఉంటుంది. ఇంకేమైనా కలిపారేమో ఒకసారి చూసుకోండి. పెట్టెలు బెల్ డెస్క్‌లో (హోటల్‌లో సామాను దాచిపెట్టే కౌంటర్) అప్పగించి రసీదు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు పెట్టెకు ఒకటి రెండు డాలర్లు టిప్ ఇవ్వడం అక్కడి పద్ధతి. పాస్‌పోర్టులు, మందులు, ఫోను చార్జరు మీ దగ్గరే ఉండాలి.

3. ఎండ ముదరకముందే బోర్డు దగ్గర ఫొటో

"వెల్కమ్ టు ఫాబ్యులస్ లాస్ వేగాస్" బోర్డు స్ట్రిప్‌కు, అంటే పెద్ద హోటళ్లు, క్యాసినోలు వరుసగా ఉన్న ప్రధాన రోడ్డుకు, దక్షిణపు కొసన, రోడ్డు మధ్యలో ఉంది. 1959లో బెట్టీ విల్లిస్ దాని రూపకల్పన చేశారు. ఆమె కాపీరైట్ తీసుకోలేదు, అందుకే ఆ బొమ్మ ప్రతి కప్పు మీదా, ప్రతి అయస్కాంతం మీదా కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, బోర్డుతో పాటు స్ట్రిప్‌లో చాలా భాగం అసలు లాస్ వేగాస్ నగర పరిధిలోనే లేదు, క్లార్క్ కౌంటీ (మన జిల్లా లాంటిది)లోని ప్యారడైజ్ అనే ప్రాంతం కిందికి వస్తుంది. పొద్దెక్కితే ఫొటో కోసం బారులు తీరాలి.

అక్కడి నుంచి మాండలే బే హోటల్ చేరితే, లక్సర్ హోటల్ మీదుగా ఎక్స్‌కాలిబర్ హోటల్ దాకా ఉచిత ట్రామ్ ఉంది.

4. కంటికి కనిపించే దూరాన్ని నమ్మకండి

స్ట్రిప్ పొడవు దాదాపు 6.8 కిలోమీటర్లు. పక్కదే అనిపించే హోటల్‌కు వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు, ఎందుకంటే ఒక్కో భవనమే ఒక పేట అంత ఉంటుంది. పెద్ద కూడళ్లలో రోడ్డు దాటడానికి పాదచారుల వంతెనలు ఉన్నాయి. వాటిపై ఆగి నిలబడటాన్ని 2024 నుంచి కౌంటీ నిషేధించింది, కాబట్టి సెల్ఫీలు కిందికి దిగాకే. ట్యాక్సీని రోడ్డు మీద చేయి ఊపి ఆపలేరు, హోటల్ స్టాండుకు వెళ్లాలి. ఎంజీఎం గ్రాండ్ నుంచి సహారా వరకు వెళ్లే మోనోరైలు స్టేషన్లు హోటళ్ల వెనుక ఉంటాయి. స్టేషన్ చేరడానికే క్యాసినో అంతా దాటాలి గనుక, ఒక్క స్టాపు కోసం అది దండగ.

5. మధ్యాహ్నం నీడపట్టున గడపండి

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. గాలి పొడిగా ఉండి చెమట వెంటనే ఆరిపోతుంది గనుక దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి. బెల్లాజియో హోటల్‌లో గాజు కళాకారుడు డేల్ చిహులి చేసిన సుమారు 2,000 గాజు పువ్వుల పైకప్పు, దాని పక్కనే ఋతువును బట్టి మార్చే పూలతోట, రెండూ ఉచితం. డబ్బు పెట్టి కొనుక్కునే వినోదాల్లో సగం వీటి ముందు వెలవెలబోతాయి. ఓపిక ఉంటే వెనీషియన్ హోటల్ లోపలి కాలువ చూడండి. పడవ ఎక్కడం మీ సరదా. చూడటానికి మాత్రం టికెట్ లేదు.

6. సంధ్యవేళకు ఒక్క ఎత్తైన చోటు

హై రోలర్ అనే జెయింట్ వీల్ 550 అడుగుల ఎత్తుంది, ఒక చుట్టుకు అరగంట. పారిస్ హోటల్‌లోని ఐఫిల్ టవర్ అసలుదానిలో సగం. రెండూ ఎక్కనక్కరలేదు. నన్నడిగితే ఐఫిలే నయం, ఎదురుగా బెల్లాజియో ఫౌంటెన్లు పైనుంచి కనిపిస్తాయి. సాయంత్రం పావుగంటకు ఒకసారి అవి పాటలకు తగ్గట్టు ఆడతాయి. ఒక పాట పైనుంచి, ఇంకొకటి కిందికి వచ్చి గట్టున చూడండి. స్ట్రిప్‌కు దూరంగా, ఉత్తరాన పాత నగరంలో ఉన్న ఫ్రీమాంట్ స్ట్రీట్‌కు విమానం అర్ధరాత్రి దాటాక ఉంటేనే వెళ్లండి.

7. క్యాసినో లెక్క ముగించండి

ఆడాలనుకుంటే పోయినా బాధపడని మొత్తాన్ని ఇద్దరూ ముందే అనుకోండి. పోయింది రాబట్టుకోవాలని చివరి గంటలో కూర్చోవడం అంత తెలివితక్కువ పని లేదు. 21 ఏళ్లు నిండకపోతే ఆడనివ్వరు, గుర్తింపు పత్రం అడుగుతారు. స్లాట్ మెషిన్ ఇచ్చిన వోచర్లు, మిగిలిన చిప్స్ (పందెం బిళ్లలు) ఆ క్యాసినోలోనే నగదుగా మార్చుకోండి.

8. విమానాశ్రయానికి

హ్యారీ రీడ్ విమానాశ్రయం స్ట్రిప్‌కు దగ్గరే, అయినా సాయంత్రం వాహనాల రద్దీ ఆ దగ్గరతనాన్ని మింగేస్తుంది. బెల్ డెస్క్ దగ్గర కూడా కొంత ఆలస్యం లెక్కలో వేసుకోండి. అంతర్జాతీయ విమానమైతే మూడు గంటల ముందు చేరాలి. టెర్మినల్ 1, 3 మాత్రమే ఉన్నాయి, టెర్మినల్ 2ను కూల్చేశారు. మీది ఏదో టికెట్‌లో చూసి కారెక్కగానే డ్రైవరుకు చెప్పండి.