కొత్త వైర్‌లెస్ హెడ్‌ఫోన్ సౌండు బాలేదా? వెనక్కి పంపే ముందు ఇవి చూడండి

రాయగడలో నాది మొబైళ్లూ ఆడియో సామాన్లూ బాగుచేసే పని. ఆన్‌లైన్‌లో పండగ సేల్ అయిపోయిన వారానికి కొత్త హెడ్‌ఫోన్లు డబ్బాలతో సహా నా బల్ల మీదికి రావడం మొదలవుతుంది. “సౌండు డొల్లగా ఉందన్నా”, “అరగంటకే తల పట్టేస్తోంది”, “పాట పెడితే ఫోన్‌లో ఎవరో పాడినట్టుంది”. ఎక్కువమంది అడిగేది ఒకటే, వెనక్కి పంపేయాలా అని. వాటిలో చాలావరకు వస్తువులో ఏ లోపమూ ఉండదు. చెవి మీద సరిగ్గా కూర్చోకపోవడమో, పాట తప్పు దారిలో రావడమో జరుగుతుంది.

ఛార్జింగ్, పెయిరింగ్, ఎడమ కుడి చూసి పెట్టుకోవడం మీకు తెలుసనుకునే రాస్తున్నాను. చెవిని మొత్తం కప్పే రకం హెడ్‌ఫోన్ల గురించే చెబుతున్నాను.

బేస్ లేదు, పాట పీలగా ఉంది

ముందు ఒక్క పని చేయండి. మీకు బాగా తెలిసిన పాట, డోలో మృదంగమో గట్టిగా వినిపించేది, పెట్టండి. రెండు కప్పుల మీదా అరచేతులు ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ నిండుగా వచ్చి, వదలగానే పోయిందంటే ప్యాడ్‌కీ మీ చర్మానికీ మధ్య ఎక్కడో సందు ఉంది. పది సెకన్ల పరీక్ష ఇది. ఎన్నిసార్లు చెప్పినా చేయరు. చేయకుండానే ఈక్వలైజర్‌లో బేస్‌ను పైదాకా లాగేస్తారు, మర్నాడు సౌండు పగిలిపోతోందని మళ్లీ వస్తారు. దయచేసి ముందు నొక్కి చూడండి.

కప్పులో ఉన్న స్పీకరు ఆ కాస్త గాలినీ ముందుకూ వెనక్కూ నెడుతుంది. బేస్ అంటే నెమ్మదిగా ఊగే గాలి. చిన్న సందు దొరికినా అందులోంచి జారిపోతుంది. వేగంగా ఊగే పై స్వరాలకు ఆ సందు లెక్కలోకి రాదు. అందుకే గొంతూ వేణువూ బాగానే ఉంటాయి, డోలు మాత్రం గుమ్మనదు. నాయిస్ క్యాన్సిలేషన్, అంటే బయటి రొదను తగ్గించే ఏర్పాటు, పనిచేయట్లేదని తెచ్చేవాళ్లలో కూడా చాలామందిది ఇదే కథ. రైలు రొద, ఫ్యాను హోరు ఆ సందులోంచే లోపలికి వచ్చేస్తాయి.

సందు ఎక్కువగా చేసేది కళ్లజోడు కాడ. దండెం మీద దుప్పటి ఆరేస్తే తాడుకు రెండు వైపులా ఎలా లేచి ఉంటుందో, కాడకు పైనా కిందా ప్యాడ్ అలా లేచి ఉంటుంది. అద్దంలో దగ్గరగా చూస్తే ఆ రెండు చిన్న ముక్కోణాలు కనిపిస్తాయి. కళ్లజోడు తీసి అదే పాట అదే చోటి నుంచి వినండి. తేడా తెలిస్తే దొంగ దొరికినట్టే. పాట వినేటప్పుడు సన్నటి మెటల్ కాడల జోడు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఆడపిల్లలకైతే చెవి ముందుకు జారిన జుట్టు, జూకాలు. జుట్టును ప్యాడ్ కిందనుంచి వేలితో వెనక్కి తీసేయండి, జూకాలు కాసేపు పక్కన పెట్టండి. హెడ్‌బ్యాండ్‌ను రెండు వైపులా సమానంగా లాగారో లేదో క్లిక్కులు లెక్కపెట్టండి. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఆరు పెట్టుకుని, కుడి చెవిలో బేస్ తక్కువని వచ్చినవాళ్లు ఉన్నారు.

ఇంకో మాట. బాగా తక్కువ వాల్యూమ్‌లో బేస్ తగ్గినట్టు అనిపించడం మన చెవి స్వభావం. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. పాత హెడ్‌ఫోన్‌తో పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టకపోతే ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఆ పోలికకు విలువ లేదు.

తల పట్టేస్తోంది, చెవి మండుతోంది

ఎక్కడ నొప్పో చెబితే కారణం సగం తెలిసిపోతుంది.

నడినెత్తి మీద నొప్పి అంటే హెడ్‌బ్యాండ్ పొట్టిగా పెట్టుకున్నారు. బరువంతా ఒక్కచోట పడుతోంది. రెండు వైపులా ఒక్కో క్లిక్కు పెంచండి. బరువు కూడా చూసుకుని కొనాలి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4 బరువు 254 గ్రాములు, ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 384.8 గ్రాములు. చేతిలో పట్టుకుంటే పెద్ద తేడా తెలియదు, గంటసేపు తల మీద మోస్తే తెలుస్తుంది.

కణతల దగ్గర, దవడ దగ్గర నొప్పి అంటే బిగువు. కళ్లజోడు ఉంటే ఆ బిగువు కాడ మీద పడి చెవి వెనక ఎముకను నొక్కుతుంది. కొత్తగా ఉన్నప్పుడు కొంత బిగువు మామూలే. తలంత వెడల్పున పుస్తకాలు దొంతరగా పెట్టి, రాత్రంతా హెడ్‌ఫోన్‌ను వాటికి తొడిగి ఉంచండి. రెండు మూడు రాత్రులకు కాస్త సడలుతుంది. చేత్తో బలవంతంగా విప్పదీయకండి, ప్లాస్టిక్ కీలు విరిగితే దానికి విడిభాగం దొరకదు. మరీ వదులైతే మళ్లీ సందు, మళ్లీ బేస్ పోవడం. సౌండూ సుఖమూ రెండూ ఆ ప్యాడ్ దగ్గరే తేలతాయి.

చెవి దొప్ప లోపలి గుడ్డకు తగిలి మండుతుంటే ఆ మోడల్ కప్పు మీ చెవికి చిన్నది. సర్దుకుంటుందిలే అనుకోకండి, గడువు దాటకముందే మార్చుకోండి.

కోరాపుట్ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు చెవులు మూసుకుపోతాయే, నాయిస్ క్యాన్సిలేషన్ వేయగానే కొందరికి అలాగే అనిపిస్తుంది. నిజానికి లోపల గాలి ఒత్తిడేమీ పెరగదు. చుట్టూ ఉన్న లోతు రొద ఒక్కసారిగా మాయమైతే మెదడు దాన్ని ఒత్తిడిగా అనుకుంటుంది. యాప్‌లో లెవెల్ తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే ఆ ఫీచర్ ఆపి వాడుకోండి.

షాపులో రెండు నిమిషాలు పెట్టుకుని సుఖం తేల్చలేం. ఇంట్లో ముప్పావుగంట కదలకుండా కూర్చుని వినండి, అదీ పగటి వేడిలో. మన ఎండాకాలంలో ప్యాడ్ కింద చెమట పట్టాక తెలుస్తుంది అసలు సంగతి. విన్నాక పొడి గుడ్డతో తుడవండి. తలకు నూనె రాసుకున్న రోజు పెట్టుకోకండి, నూనె తగిలితే ఆ తోలు లాంటి పొర త్వరగా పొక్కులు లేచి ఊడిపోతుంది.

షాపులో బాగుంది, ఇంట్లో మాత్రం ఫోన్ మాటలా ఉంది

దీని దగ్గర కాస్త ఆగండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

రైల్వే కాలనీ నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు కొత్త హెడ్‌ఫోన్ తెచ్చాడు. “సౌండు డబ్బాలోంచి వస్తున్నట్టుందన్నా, రెండు చెవుల్లో ఒకేలా ఉంది” అన్నాడు. నా ఫోన్‌కి కలిపి విన్నాను. చక్కగా ఉంది. అతనికీ వినిపించాను. “ఇప్పుడు బాగుంది” అంటూ వెళ్లాడు. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు, అదే మాట. నా ఫోన్‌లో మళ్లీ బాగానే ఉంది. వేడెక్కినప్పుడు లోపల ఏదో టంకం వదులవుతోందని అనుకున్నాను. స్టిక్కర్ చింపి, ప్యాడ్లు ఊడదీసి, రెండు వైపులా స్పీకరు వైర్లు కొత్తగా టంకం పెట్టాను. అలా అతని వారంటీ పోయింది. మూడోసారి అతను ఫోన్ చేసినప్పుడు గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

ఇంట్లో అతను పాటలు వినేది ల్యాప్‌టాప్‌లో. నేను ఒక్కసారి కూడా దేంట్లో వింటున్నావని అడగలేదు. స్క్రీన్ కింద గడియారం పక్కన చిన్న మైకు బొమ్మ కనిపించింది. స్నేహితులతో మాట్లాడుకునే యాప్ ఒకటి, కిటికీ మూసేసినా వెనక నడుస్తూనే ఉంది, హెడ్‌ఫోన్ మైకును పట్టుకుని కూర్చుంది. దాన్ని పూర్తిగా ఆపాను. ఒక క్షణం చెవిలో ఏ శబ్దమూ లేదు, తర్వాత చిన్న టక్. ఆ వెంటనే అదే పాటలో అప్పటిదాకా లేని తాళాలు కుడివైపు నుంచి గలగలమని వినిపించాయి. కుర్రాడు నా వైపు చూసి, “ఇదే అన్నా, ఇదే” అన్నాడు. చింపిన స్టిక్కర్‌ను నేను అతికించలేను కదా. ఆ హెడ్‌ఫోన్‌కి ఇక ఏ రిపేరు వచ్చినా నా చేతి పని ఉచితమని మాటిచ్చి వచ్చాను.

మామూలు బ్లూటూత్‌లో హెడ్‌ఫోన్‌కి రెండు దారులు ఉంటాయి. ఏ2డీపీ అనేది పాటల దారి. స్టీరియో వస్తుంది, కానీ మీ మాట తిరిగి వెళ్లదు. హ్యాండ్స్‌ఫ్రీ అనేది కాల్స్ దారి. మాట రెండు వైపులా వెళుతుంది, కానీ సౌండు మోనో. రెండూ ఒకేసారి నడవవు. ఏదో ఒక యాప్ హెడ్‌ఫోన్ మైకు అడిగితే చాలు, పాట కూడా కాల్స్ దారిలోకి దిగిపోతుంది. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలిచి రాసుకున్న అంకెలు, ఉంటాయి. కాల్స్ దారిలో పాత పద్ధతిలో 8,000, కొత్త పద్ధతిలో 16,000. అందులో సగం వరకే వినిపించగలదు కాబట్టి 4,000 హెర్ట్జ్ పైన, మంచి సందర్భంలో 8,000 పైన ఉన్నదంతా మాయం. తాళాల మెరుపు, తంబూరా జీర అన్నీ ఆ పైనే ఉంటాయి. ఎంత ఖరీదైన హెడ్‌ఫోనైనా అప్పుడు టెలిఫోనే.

గుర్తుపట్టడం తేలిక. ఎడమ కుడి తేడా పోయి సౌండంతా తల మధ్యలో ఉంటుంది. దుప్పటి కప్పినట్టు మూసుకుపోయి ఉంటుంది. అదే పాటను అదే హెడ్‌ఫోన్‌తో ఫోన్‌లో పెడితే బాగుంటుంది. ఈ మూడూ కలిస్తే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి.

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, ఇన్‌పుట్ దగ్గర హెడ్‌ఫోన్ బదులు ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. క్లాసుల యాప్‌లో, మీటింగ్ యాప్‌లో కూడా విడివిడిగా అదే మార్చాలి, అవి తమ సెట్టింగ్ తాము గుర్తుంచుకుంటాయి. విండోస్ 10లో ప్లేబ్యాక్ దగ్గర ఒకే హెడ్‌ఫోన్ రెండు పేర్లతో కనిపిస్తే స్టీరియో అని ఉన్నది తీసుకోండి, హ్యాండ్స్‌ఫ్రీ అన్నది వద్దు. అప్పటికీ మొండికేస్తే కంట్రోల్ ప్యానెల్‌లో డివైసెస్ అండ్ ప్రింటర్స్ తెరిచి, హెడ్‌ఫోన్ ప్రాపర్టీస్‌లో సర్వీసెస్ కింద హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ టిక్కు తీసేయండి. మ్యాక్‌లో సౌండ్ ఇన్‌పుట్‌ను లోపలి మైకుకు మారిస్తే సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో గేమ్ ఆడుతూ మైకు ఆన్ చేస్తే ఇదే జరుగుతుంది. బ్లూటూత్‌లో హెడ్‌ఫోన్ పేరు పక్కన సెట్టింగ్ తెరిస్తే కాల్స్ అన్నది ఆఫ్ చేసి, మీడియా ఆడియో మాత్రం ఉంచుకోవచ్చు. అయితే కాల్స్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మాట్లాడాలి.

హెడ్‌ఫోన్‌ను ఒకేసారి ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ కలిపి ఉంచేవాళ్లకు ఇంకో తికమక. ఫోన్‌లో పాట దానంతటదే ఆగిపోతుంటే, పక్క గదిలో ఉన్న ల్యాప్‌టాప్ ఏదో నోటిఫికేషన్ మోగించి హెడ్‌ఫోన్‌ను తనవైపు లాక్కుంటోందేమో చూడండి. దాన్ని డిస్‌కనెక్ట్ చేసి ఒక గంట గమనిస్తే తేలిపోతుంది.

మిగతావి

డబ్బా మీద హై-రెజ్ అని ఉన్నా తేడా తెలియడం లేదంటే, అవతల ఉన్నది ఐఫోనా చూడండి. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఎక్కువ వివరం పంపేది ఎల్‌డ్యాక్. ఐఫోన్‌లో అది ఉండదు, ఏఏసీ అనే ఇంకో పద్ధతే. ఆండ్రాయిడ్‌లో 8వ వెర్షన్ నుంచి ఎల్‌డ్యాక్ వచ్చింది, 330, 660, 990 కేబీపీఎస్ అని మూడు మెట్లు. రద్దీ చోట 990 దగ్గర బిగించి పెడితే పాట తెగుతుంది. ఆటోలో వదిలేయండి. నా మటుకు నాకు ప్యాడ్ సరిగ్గా కూర్చోవడం ముందు ఈ లెక్కలన్నీ చిన్నవే.

ఘంటసాల గారి కాలం పాటలతో స్టీరియో పరీక్ష చేయకండి. అవి చాలావరకు మోనో రికార్డింగులు, రెండు చెవుల్లో ఒకేలా ఉండటమే సరి.

ఒక చెవిలో సౌండు తక్కువగా ఉంటే ఫోన్ యాక్సెసిబిలిటీలో ఎడమ కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందా, మోనో ఆడియో ఆన్ అయి ఉందా చూడండి. పాట తెగుతుంటే ఫోన్ ప్యాంటు వెనక జేబులోంచి తీసి ముందు పెట్టుకోండి, మన ఒళ్లే ఆ సిగ్నల్‌ను మింగేస్తుంది. వైఫై రూటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకుంటే ఇంకా మంచిది. వంద గంటలు మోగిస్తే సౌండు తెరుచుకుంటుందన్న మాట నేను నమ్మను. మారేవి మెత్తబడే ప్యాడ్లు, అలవాటు పడే మన చెవులు.

బేస్ వచ్చినప్పుడల్లా జర్రుమంటే స్పీకరు పొర మీద వెంట్రుక పడి ఉండవచ్చు. అరుదు. డ్రైవర్, అంటే ఆ స్పీకరే, పోవడం అంతకన్నా అరుదు. అలాంటప్పుడు మీరూ విప్పకండి, నాలాంటి వాడినీ విప్పనివ్వకండి. హెడ్‌ఫోన్‌కి వైరు పెట్టే రంధ్రం ఉంటే ముందు వైరుతో విని చూడండి. వైరుతోనూ అదే జర్రు ఉంటే, కప్పు దగ్గర ఫోన్ పెట్టి ఆ చప్పుడు వినబడేలా వీడియో తీసి, బిల్లుతో కలిపి గడువులోపే పంపేయండి.