మనస్తత్వశాస్త్ర పరిశోధన నివేదిక రాయడం – ఐదో పాఠం: పద్ధతి విభాగం, సమీక్షకుడి ప్రశ్నలు

నాలుగో పాఠంలో ఉపోద్ఘాతాన్ని పరికల్పన (ఫలితం ఇలా ఉంటుందని ముందే వేసుకునే ఊహ) దాకా తెచ్చి ఆపాం. ఈ పాఠంలో పద్ధతి విభాగం రాయడాన్నీ, జర్నల్ తరఫున దాన్ని చదివే సమీక్షకుడికి జవాబు చెప్పడాన్నీ కలిపి నేర్చుకుందాం. సమీక్షకులు అడిగేవి చాలావరకు మనం పద్ధతిలో రాయకుండా వదిలేసిన విషయాలే కాబట్టి, ఈ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు సబబుగా తోచలేదు.

డిగ్రీ విద్యార్థుల పరీక్షాందోళన మీద మీరొక అధ్యయనం చేశారనుకుందాం. తొలి ప్రతిలో ఇలాంటి వాక్యం ఉంటుంది: "120 మంది విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి సమాచారం సేకరించడమైనది." వ్యాకరణం ప్రకారం ఇందులో దోషమేమీ లేదు, అయినా దీన్ని పట్టుకుని మరొకరు అదే అధ్యయనాన్ని మళ్లీ చేయలేరు. ఆ 120 మందిని ఎలా ఎంచుకున్నారు, ఎంతమందిని అడిగితే ఇంతమంది ఒప్పుకున్నారు, సగమే నింపిన ప్రశ్నావళులను ఏం చేశారు, వాటిని తీసేయాలన్న నియమం ముందే పెట్టుకున్నదా లేక ఫలితాలు చూశాక పెట్టుకున్నదా అన్నవన్నీ చెప్పాలి. పరిశోధన నైతికంగా సరైనదో కాదో చూసే సంఘం అనుమతికీ పాల్గొన్నవారి సమ్మతికీ ఒక్క వాక్యం చాలు.

మనవాళ్లు తేలిగ్గా దాటేసేది అనువాదం సంగతి. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగు చేసి వాడినప్పుడు, ఆ అనువాదాన్ని మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండు ఇంగ్లీషు ప్రతులనూ పోల్చడం ఆనవాయితీ. అంతటితో సరిపోదు. "ఆందోళన" అన్న మాటనే తీసుకోండి: పాఠ్యపుస్తకంలో అది మనసు స్థితి, దినపత్రికలో ధర్నా, రాస్తారోకో, పరీక్ష హాలు బయట నిలబడ్డ విద్యార్థి నోట వచ్చేది మాత్రం "టెన్షన్". మీరు ఏ మాట వాడారో, దాన్ని ముందుగా కొద్దిమందికి ఇచ్చి చూశారో లేదో రాయండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, సమీక్షకుడు కాగితం మీద ఉన్నదాన్నే తూచగలడు. మనస్తత్వశాస్త్రవేత్త డారిల్ బెమ్ 2011లో, జరగబోయేది మనిషికి ముందే తెలుస్తుందని వాదిస్తూ, వెయ్యిమందికి పైగా పాల్గొన్న 9 ప్రయోగాలతో రాసిన పత్రం సమీక్ష దాటుకునే ఒక పేరున్న జర్నల్‌లో అచ్చయింది. అదే ఏడాది సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు, ఎంతమందితో ఆపాలి, ఏ కొలతను చూపాలి వంటి నిర్ణయాలను పరిశోధకుడు సమాచారం చూశాక తీసుకుంటే, లేని ప్రభావం ఉన్నట్టు కనిపించే అవకాశం 60 శాతం దాటవచ్చని గణించి చూపారు. ఫలితం తెలిశాక పరికల్పన అల్లి, దాన్ని మొదటినుంచీ ఉన్నట్టు రాయడానికి నార్బర్ట్ కెర్ 1998లోనే "హార్కింగ్" అని పేరు పెట్టాడు. ముందు అనుకున్నదీ తర్వాత తట్టినదీ వేర్వేరు పేరాల్లో పెట్టండి. తర్వాత తట్టినదానికి విలువ లేదని కాదు, దాని బరువు వేరు.

సమీక్షకుడి మాట శిలాశాసనమూ కాదు. పీటర్స్, సెసీ 1982లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే అచ్చయిన 12 వ్యాసాలను రచయితల పేర్లూ సంస్థల పేర్లూ మార్చి అవే జర్నళ్లకు తిరిగి పంపారు. మూడింటిని జర్నళ్లవాళ్లు గుర్తుపట్టారు, మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది తిరస్కరణకు గురయ్యాయి.

ఇక జవాబు లేఖ. సవరించి మళ్లీ పంపమని సంపాదకుడు రాస్తే అది తిరస్కరణ కాదు. ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి, కోపం చల్లారాక తెరవండి. ప్రతి వ్యాఖ్యనూ ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, దాని కింద ఏం మార్చారో, ఏ పేజీలో మార్చారో చెప్పండి. ఒప్పుకోలేనిచోట "సమీక్షకులు పొరబడ్డారు" అనకుండా, "మా ఉద్దేశం స్పష్టంగా రాయలేకపోయాం, 7వ పేజీలో ఇలా సవరించాం" అనడం మంచిది, ఎందుకంటే తరచుగా జరిగిందీ అదే. ఇద్దరు సమీక్షకులు ఎదురెదురు సలహాలిస్తే, మీరు ఎటు మొగ్గారో కారణంతో సహా సంపాదకుడికి రాయండి, తీర్పు ఆయనది.

అభ్యాసం: పైన ఇచ్చిన 120 మంది వాక్యాన్ని ఆరు వాక్యాలుగా తిరగరాయండి. దాన్ని మీ శాస్త్రం చదవని స్నేహితుడికిచ్చి, ఆయన అడిగిన ప్రశ్నలను అంచులో రాసుకోండి. ఆరో పాఠం ఫలితాల పట్టికల గురించి. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోండి.