ఆర్సీ (రిమోట్ కంట్రోల్ బొమ్మ) బండి మొరాయిస్తే: బ్రష్‌లెస్ మోటార్, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తిప్పలు

బండి గింజుకోగానే అందరి అనుమానం మోటార్ మీదకే పోతుంది. నిజానికి బ్రష్‌లెస్ మోటార్‌లో చెడిపోయేవి మూడే: బేరింగులు, వైండింగ్, అయస్కాంతం. సెన్సర్ రకమైతే లోపలి చిన్న బోర్డు నాలుగోది. అందుకని ముందు బ్యాటరీ, తర్వాత కనెక్టర్లు, టంకం అతుకులు, పళ్లచక్రాలు చూడండి. మోటార్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపించే బోర్డు) వంతు ఆఖరున. చెయ్యి పెట్టేముందు పినియన్‌ను (మోటార్ షాఫ్ట్ మీది చిన్న పళ్లచక్రం) స్పర్ గేర్‌కి (అది తిప్పే పెద్ద పళ్లచక్రం) తగలకుండా వెనక్కి జరపండి. లేకపోతే మోటార్ తిరగ్గానే టేబుల్ మీంచి దూకిన బండి బంపర్ విరగ్గొట్టుకోవడం మామూలే.

సమస్య: ట్రిగ్గర్ నొక్కితే టకటకా వణుకుతుంది, కదలదు

దీన్నే కాగింగ్ అంటారు. సెన్సర్ లేని మోటార్‌లో రోటర్ (లోపల తిరిగే భాగం) ఎక్కడుందో ఈఎస్‌సీకి తెలిసేది, అది తిరిగేటప్పుడు పుట్టే వోల్టేజీని బట్టే. ఆగి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ ఉండదు. కాబట్టి మెల్లగా బయల్దేరేటప్పుడు కాస్త వణికితే అది జబ్బు కాదు. సగం ట్రిగ్గర్ దాటినా వణుకుతుంటేనే వెతకాలి.

మూడు మోటార్ వైర్లలో ఒకటి తెగినా, వదులైనా సరిగ్గా ఇలాగే ఉంటుంది. బుల్లెట్ కనెక్టర్లను ఒక్కొక్కటే లాగి చూడండి. వేలితో తేలిగ్గా ఊడొచ్చేది దోషి. నల్లగా మాడినదాన్ని శుభ్రం చేసి వాడకండి, మార్చేయండి.

అతుకు వేసేటప్పుడు మొబైల్ రిపేరు వాళ్లు వాడే 25 వాట్ల ఐరన్ పనికిరాదు. లావుపాటి రాగి తీగ వేడినంతా లాగేసుకుంటుంది, టంకం పైపైన ముద్దలా కూర్చుంటుంది. కనీసం 60 వాట్లు, వెడల్పు బిట్, 60/40 టంకం, కాస్త ఫ్లక్స్ కావాలి. ముందు తీగ చివరకు, కనెక్టర్ గిన్నెకు విడివిడిగా టంకం పట్టించి, తర్వాత రెండూ కలిపి కరిగించండి. చల్లారేదాకా కదపకూడదు. మెరుస్తూ నున్నగా ఉంటే అతుకు మంచిది. బూడిదరంగులో గరుకుగా ఉంటే మళ్లీ వేడి చేయాల్సిందే. ఇవన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

సెన్సర్ మోటార్ అయితే సెన్సర్ వైరు పీకేసి నడపండి. చాలా ఈఎస్‌సీలు అప్పుడు సెన్సర్ లేకుండానే తిప్పుతాయి. బండి బాగా నడిస్తే తప్పు ఆ సన్న వైరుదో, లోపలి సెన్సర్ బోర్డుదో. ఇంకో సంగతి: సెన్సర్ లేని మోటార్ ఉల్టా తిరిగితే ఏ రెండు వైర్లు అటూ ఇటూ మార్చినా సరిపోతుంది. సెన్సర్ ఉన్నదానికి మాత్రం ఏ, బీ, సీ వైర్లు వాటి వాటి చోటే ఉండాలి.

సమస్య: రెండు నిమిషాలు బాగా పరుగెత్తి చతికిలబడుతుంది, కాసేపాగితే మళ్లీ లేస్తుంది

బ్యాటరీ వోల్టేజీ పడిపోయి, దాన్ని కాపాడడానికి ఈఎస్‌సీ కరెంటుకు కోత పెడుతోంది. ఫుల్ చార్జ్‌లో సెల్‌కు 4.2 వోల్టులు. కోత సాధారణంగా 3.2 నుంచి 3.4 మధ్య పెట్టి ఉంటుంది.

మొత్తం ప్యాక్ వోల్టేజీ చూసి మోసపోవద్దు. 2ఎస్ (రెండు సెల్స్ ఉన్న) ప్యాక్ 7.3 చూపిస్తే పర్వాలేదనిపిస్తుంది. లోపల ఒక సెల్ 3.9, రెండోది 3.4 ఉండొచ్చు. బ్యాలెన్స్ వైరుకు (ఒక్కో సెల్‌ను విడిగా కొలిచే సన్న వైర్ల గుత్తి) పెట్టే చిన్న లైపో బజర్ కొని, 3.4 దగ్గర సెట్ చేసి, జిప్ టైతో బండికే కట్టి నడపండి. మోగగానే ఆపి అంకెలు చదవండి. సెల్‌కు సెల్‌కు తేడా 0.1 వోల్టు దాటితే బ్యాలెన్స్ మోడ్‌లో చార్జ్ చేసి మళ్లీ చూడండి. అదే సెల్ మళ్లీ ముందు పడిపోతే ఆ ప్యాక్ పని అయిపోయినట్టే. బజర్‌ను రాత్రంతా తగిలించి వదలకండి, అది కూడా బ్యాటరీని తాగేస్తుంది.

సెల్స్ రెండూ సమానంగా పడిపోతుంటే బ్యాటరీకి అంత కరెంటు ఇచ్చే సత్తువ లేదన్నమాట. 5000 ఎంఏహెచ్, 50సీ (కెపాసిటీకి 50 రెట్లు కరెంటు) అంటే లెక్క ప్రకారం 250 ఆంపియర్లు. లేబుల్ మీద సీ అంకె చాలాసార్లు గొప్పలకే. ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూపించే చార్జర్ ఉంటే అదే నిజం చెబుతుంది. కొన్నప్పుడు సెల్‌కు ఎన్ని మిల్లీఓమ్‌లు ఉన్నాయో ప్యాక్ మీదే రాసిపెట్టుకోండి, రెట్టింపైతే వయసైపోయినట్టు.

మరచిపోయేది ఒకటుంది. ఈఎస్‌సీలో బ్యాటరీ రకం నికెల్ మోడ్‌లో ఉంటే సరైన చోట కోత పడదు, లైపో చచ్చిపోతుంది. ఇంకా, 9 వోల్టుల లోపు పడిపోయిన 3ఎస్ ప్యాక్‌ను తగిలిస్తే కొన్ని ఈఎస్‌సీలు దాన్ని 2ఎస్ అనుకుని ఇంకా లోతుగా పిండేస్తాయి.

సమస్య: మోటార్ కాలిపోతోంది

ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాద్‌లో గాలే 40 డిగ్రీలు దాటుతుంది. జనవరిలో సరిపోయిన గేరింగ్ అప్పుడు సరిపోదు. మోటార్ డబ్బా 80 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, 90 అయితే ఆపేయాలి. వేడికి అయస్కాంతం బలం తగ్గితే మళ్లీ రాదు.

మందు సులువు: పినియన్‌లో రెండు పళ్లు తగ్గించండి. 3300 కేవీ (వోల్టుకు 3300 ఆర్‌పీఎం) మోటార్ 2ఎస్ మీద సుమారు 24,400 ఆర్‌పీఎం తిరుగుతుంది, 3ఎస్ పెడితే 36,600. బ్యాటరీ మార్చి పినియన్ అదే ఉంచితే కాలక ఏమవుతుంది? మెష్ (పళ్లచక్రాలు రెండూ కలిసే చోటు) కూడా చూడండి. పళ్ల మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగేస్తే ఉండాల్సిన సందు వస్తుంది. మొరం నేల మీద నడిపితే ఎర్ర దుమ్ము బేరింగుల్లో చేరుతుంది, బ్రష్‌తో దులపండి.

ఇంకా మోటార్ మీదే అనుమానమా?

మూడు వైర్లూ విప్పి షాఫ్ట్ చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగ్. దాని నంబరు చూసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగ్ షాపుల్లో అడగండి. ఇప్పుడు రెండు వైర్ల చివరలు కలిపి పట్టుకుని తిప్పితే బరువుగా తగలాలి. మూడు జతలకూ అదే బరువు ఉండాలి. ఏ జత అయినా తేలిగ్గా తిరిగితే తీగ తెగింది. ఏ వైరూ కలపకుండానే బరువుగా ఉంటే లోపల వైండింగ్ షార్ట్. వైరుకూ డబ్బాకూ మధ్య మల్టీమీటర్ బీప్ కొట్టినా అంతే, మోటార్ మార్చాలి.

ఇవన్నీ బాగుండీ, మంచి బ్యాటరీతో వణుకుతుంటే ఈఎస్‌సీ. స్టీరింగ్ తిప్పినప్పుడే బండి ఆరిపోతుంటే మాత్రం సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్) కరెంటు ఎక్కువ లాగి రిసీవర్‌ను ఆర్పేస్తోంది, విడి బీఈసీ (వాటికి సరైన వోల్టేజీ ఇచ్చే బోర్డు) పెట్టాలి.

సమస్య: బ్యాటరీ ఉబ్బింది

పరిష్కారం లేదు. గుచ్చి గాలి తీయడం, పుస్తకాల కింద పెట్టి నొక్కడం ఇల్లు తగలబెట్టుకునే పనులు. 3 వోల్టుల కింద పడిన సెల్‌ను చార్జర్ నికెల్ మోడ్‌లో లేపే చిట్కా కూడా ఆ కోవదే. మంచి ప్యాక్‌లను వారం పైగా వాడకపోతే సెల్‌కు 3.8 దగ్గర ఉంచండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలొద్దు. బండి నడిపాక పూర్తిగా చల్లారకుండా చార్జింగ్ పెట్టొద్దు. చల్లారాక పెట్టినా 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు 5 ఆంపియర్లు చాలు.

ఉబ్బినదాన్ని విడిగా, ఇసుక బకెట్‌లో, ఇంటి బయట ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. స్వచ్ఛ ఆటోలో వేస్తే చెత్త నొక్కినప్పుడు అది అంటుకోవచ్చు.